ఆ మాట ముందు అన్నదెవరు

యాదలక్ష్మి గొంతుకు డిపోలో పేరుంది. పదమూడేళ్లుగా ఆమె సిటీ బస్సులో కండక్టర్. హయత్‌నగర్ నుంచి కోఠికి, కోఠి నుంచి మళ్లీ హయత్‌నగర్‌కు రోజూ అదే రోడ్డు. ఎంత కిక్కిరిసిన బస్సైనా ఆమె "రైట్" అందంటే డ్రైవర్ అద్దంలోకి చూసేవాడు కాదు. ఆ మాట మీద అంత నమ్మకం.

ఆ మాటే ఒకరోజు ఆమెను ముంచింది. ఎల్బీనగర్ స్టాపులో బస్సు ఆగింది. యాదలక్ష్మి ఆడవాళ్ల మధ్య ఇరుక్కుని ఉచిత ప్రయాణపు జీరో టికెట్లు కొడుతోంది. దిగేవాళ్లంతా దిగారనుకుని తలెత్తకుండానే "రైట్" అంది. ఒక ముసలామె కాలు ఇంకా మెట్టు మీదే ఉంది. బస్సు కదిలింది. ఆమె వెనక్కి పడి, తల కాలిబాట అంచుకు తగిలింది. తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉండి కన్నుమూసింది.

విచారణ జరిగింది. కొన్నాళ్లు సస్పెన్షన్‌లో ఉంచి, ఆ తర్వాత కండక్టర్ తప్పేమీ లేదని కాగితం మీద రాసిచ్చారు. ఆ కాగితం ఆమె గొంతు దాకా రాలేదు. మళ్లీ డ్యూటీ ఎక్కిన మొదటి రోజు, మొదటి స్టాపులోనే, "రైట్" అందామని నోరు తెరిస్తే మాట రాలేదు. ఎవరో లోపలి నుంచి గొంతు పట్టుకున్నట్టు బిగుసుకుపోయింది. డ్రైవర్ వెనక్కి తిరిగి చూశాడు. ఆమె బస్సు రేకు మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టింది. ఆ రోజు మొదలు రేకు కొట్టడమే. రాత్రిళ్లు నిద్ర లేదు. అన్నం ముద్ద దిగదు.

భర్త సైదులు ఆటో నడుపుతాడు. నెమ్మదస్తుడు. "దవాఖానకు పోదాం పా," అన్నాడు. ఆమె రేపు మాపు అంటూ వాయిదా వేసింది.

ఆ రోజుల్లోనే చిన్నాయన బిక్షమయ్య అల్మాస్‌గూడ నుంచి చూడటానికి వచ్చాడు. యాదలక్ష్మికి ఆరేళ్లప్పుడు తండ్రి జ్వరంతో పోతే, ఆమెను పెంచింది ఈ చిన్నాయనే. ఆ తర్వాత రెండేళ్లకు నకిరేకల్ దగ్గరి పల్లె నుంచి వదిననూ పిల్లనూ తన భార్యతో పాటు పట్నం తెచ్చుకుని, తాపీ పని చేసి, యాదలక్ష్మిని డిగ్రీ దాకా చదివించాడు. కండక్టర్ ఉద్యోగం వచ్చినరోజు మేస్త్రీలందరికీ చాయ్ పోయించి "మా బిడ్డ సర్కారు నౌకరి" అని తిరిగినవాడు. తల్లి పోయాక ఆమెకు పుట్టిల్లంటే ఆయన ఇల్లే.

ఆయన గడప దగ్గర కూర్చున్నాడు. "బిడ్డా, ఆ సచ్చిపోయిన ముసలామె ఇంటికి పోయి, వాళ్లోళ్ల ముందట ఒక్కసారి నిలబడితే నీ పానం కుదుటపడ్తది. తిడితే తిట్టనీ. నేనొస్త నీతోటి," అన్నాడు.

"భయమైతుంది చిన్నాయనా," అంది యాదలక్ష్మి.

"అయితది. అయినా పోవాలె."

వచ్చే ఆదివారం పోదామనుకున్నారు. ఈలోపు తోటి కండక్టర్ ఒకామె దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కౌన్సెలింగ్ సెంటర్ ఉందని, తన చెల్లెలికి అక్కడ బాగా నయమైందని చెప్పింది. యాదలక్ష్మి ఆ వారమే వెళ్లింది.

కోచింగ్ సెంటర్ల బోర్డులు కిటికీలను కప్పేసిన ఒక భవనంలో మూడో అంతస్తు. కింద మెట్రో పిల్లర్ల మధ్య హారన్ల మోత, పైన మాత్రం మెత్తని పరదాలు, పసుపురంగు దీపం. కౌన్సెలర్ పేరు కృష్ణకుమారి. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన మనిషి, యాభై దాటుంటాయి. నిదానమైన గొంతు. "చెప్పండమ్మా, ఏం జరిగింది?" అని అడిగి, గంటసేపు మధ్యలో అడ్డురాకుండా విన్నది. ప్రమాదం జరిగిన దగ్గర్నుంచి అందరూ ఆమెను ఎంక్వైరీ ఏమైందని అడిగినవాళ్లే. నీకేమైందని అడిగిన మొదటి మనిషి ఈవిడ. యాదలక్ష్మి కుర్చీలోనే భోరున ఏడ్చింది. ఆ రాత్రి ఆరు గంటలు నిద్రపోయింది.

అంతవరకు కృష్ణకుమారి చేసింది మేలే. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

ముసలామె ఇంటికి వెళ్లే సంగతి చెబితే కృష్ణకుమారి తల అడ్డంగా ఊపింది. "వద్దమ్మా. మీరు చేయని తప్పుకు క్షమాపణ అడగడం మీ అలవాటు. ఆ అలవాటు ఎక్కడ మొదలైందో మనం చూడాలి." ఆదివారం వచ్చింది, పోయింది. చిన్నాయన ఫోన్ చేస్తే "మేడం ఒద్దన్నది" అని చెప్పింది. "సరే బిడ్డా, చదువుకున్నోళ్లు, వాళ్లకు తెలుస్తది," అన్నాడాయన.

నాలుగో వారం కృష్ణకుమారి అడిగింది. "కండక్టర్లు ఇలాంటి ప్రమాదాలు చూస్తూనే ఉంటారు కదా. అందరి గొంతూ మూసుకుపోదు. మీకే ఎందుకు మూసుకుపోయింది?"

"నాకేం తెలుసు మేడం."

"మీకు తెలీదు. మీ ఒంటికి తెలుసు. చిన్నప్పుడు ఎవరో మీ నోరు మూశారు. ఆ పాప ఇంకా మీలో నోరు తెరవలేక కూర్చుని ఉంది."

ఆ రోజు నుంచి వెతుకులాట మొదలైంది. కళ్లు మూసుకోమనేది. ఊపిరి లెక్కపెట్టమనేది. "మీ పల్లెటూరి ఇంట్లోకి వెళ్లండి. గడప దాటండి. మూలకు చూడండి. ఎవరున్నారు?" యాదలక్ష్మికి వడ్ల గుమ్మి కనిపించేది, తల్లి వెదురు చాట కనిపించేది. అంతకుమించి ఏమీ లేదు. మూడు వారాలు అలాగే గడిచాయి. "ఏం కనిపిస్తలేదు మేడం," అంటే, "కనిపించకపోవడమే గుర్తమ్మా. అంత లోతుగా దాచుకున్నారు," అనేది కృష్ణకుమారి. కనిపిస్తే అది సాక్ష్యమే, కనిపించకపోయినా సాక్ష్యమే. ఇక ఏదీ లేదని తేల్చుకునే దారి ఆ గదిలో లేదు. అది గ్రహించేంత శాంతం యాదలక్ష్మికి అప్పుడు లేదు. పైగా ఏమీ చూడలేకపోతున్నందుకు సిగ్గుపడేది. తనను అంత ప్రేమగా చూసుకునే మనిషిని నిరాశపరుస్తున్నానని బాధపడేది.

ఏడో వారమో ఎనిమిదో వారమో, ఒక చెయ్యి కనిపించింది.

మొరటు చెయ్యి. తన నోటి మీద గట్టిగా నొక్కిపెట్టి ఉంది. సిమెంటు వాసన, బీడీ వాసన. వీపు గోడకు ఆనుకుని ఉంది. కాళ్లు కదలడం లేదు. నోట్లో ఏదో చేదు. యాదలక్ష్మి ఉలిక్కిపడి కళ్లు తెరిచింది. ఒళ్లంతా చెమట.

కృష్ణకుమారి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. ఆవిడ కళ్లలో నీళ్లు. "ఇన్నేళ్లకు బయటికొచ్చింది తల్లీ. ఎవరిదా చెయ్యి?"

"సిమెంటు వాసన..."

"మీ ఇంట్లో సిమెంటు పని చేసేది ఎవరు?"

యాదలక్ష్మి చేతులు వెనక్కి లాక్కుంది.

"ఆరేడేళ్ల ఆడపిల్ల నోరు ఒక మగవాడు ఎందుకు మూస్తాడమ్మా? మీరే ఆలోచించండి. మీ మీద అఘాయిత్యం జరిగింది. మీరు బతకడం కోసం మర్చిపోయారు."

మెట్లు దిగేటప్పుడు యాదలక్ష్మి గోడ పట్టుకుని దిగింది. కింద రోడ్డు మీద పుస్తకాల బండ్లు, చాట్ బండ్లు, హాస్టల్ పిల్లల గుంపులు అన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి. ఆమెకు మాత్రం తన బాల్యమంతా ఇంకెవరిదో అయినట్టుంది.

ఆ తర్వాత ఆమె బాగుపడాల్సింది. కానీ రోజురోజుకూ దిగజారింది. వారానికి రెండుసార్లు వెళ్లడం మొదలైంది. పొద్దున్నే లేచి గుర్తొచ్చినదంతా నోట్‌బుక్‌లో రాయాలి. ఒకరోజు రాసినదానికి మర్నాడు ఇంకొంచెం చేరేది. చెయ్యికి భుజం వచ్చింది, భుజానికి ముఖం వచ్చింది. ఏది గుర్తో ఏది రాతో తేడా చెరిగిపోయింది. బస్సులో మగ ప్రయాణికుడి మోచెయ్యి తగిలితే అరిచేది. సెలవు పెట్టి ఇంట్లో పడుకుంది. "పుండు లోంచి చీము బయటికొచ్చేటప్పుడు నొప్పి ఎక్కువే ఉంటుంది. మీరు బాగవుతున్నారు," అని కృష్ణకుమారి ధైర్యం చెప్పేది.

సైదులుకు అసలు సంగతి తెలియదు. పెళ్లాం చిక్కి శల్యమవడం మాత్రం కళ్లకు కనిపిస్తోంది. ఒకనాడు అనేశాడు. "నువ్వు ఆడికి పోయిన కాన్నుంచి ఇంకింత ఖరాబైతున్నవ్. బంద్ చెయ్ ఇగ."

ఆమె ఆ మాట సెషన్‌లో చెప్పింది. కృష్ణకుమారి "మీరు నోరు తెరవడం ఆయనకు ఎందుకు ఇబ్బందిగా ఉందో గమనించండి," అంది.

గమనించడం మొదలుపెడితే దేనికి అంతు? పదమూడేళ్ల కూతురు శ్రావ్య జడ చిక్కు పడితే సైదులే దువ్వేవాడు. అది చూసి యాదలక్ష్మి దువ్వెన లాక్కుంది. తండ్రి ఆటోలో స్కూలుకు పోవద్దంది. ఒక మధ్యాహ్నం తలుపు గడియ పెట్టి కూతురిని పక్కన కూర్చోబెట్టుకుని అడిగింది. "మీ నాయిన నిన్నెప్పుడన్న... ఎట్లనన్న ముట్టిండా? చెప్పు. అమ్మకు చెప్పు."

పిల్ల బిత్తరపోయింది. "ఎట్ల అంటే?"

యాదలక్ష్మి మళ్లీ అడిగింది. మూడోసారి అడిగేసరికి శ్రావ్య ఏడుస్తూ లేచి నిలబడింది. "అమ్మా, నన్ను గట్ల అడగకు. నువ్వడిగితేనే నాకు గలీజనిపిస్తుంది."

ఆ మాటకైనా ఆమె ఆగాల్సింది. ఆగలేదు. పిల్ల దాచిపెడుతోందనుకుంది. తాను దాచుకున్నట్టే.

ఇక మౌనం వీడే సమయం వచ్చిందని కృష్ణకుమారి చెప్పింది. ఇద్దరూ కలిసి ఒక కాగితం రాశారు. "వెళ్లి చదవండి. చదివి వచ్చేయండి. వాదనకు నిలబడొద్దు. వాళ్లు కాదంటారు, ఏడుస్తారు, మీరే పిచ్చివాళ్లంటారు. అవన్నీ వినాల్సిన పని మీకు లేదు."

అది ఆదివారం మధ్యాహ్నం. అల్మాస్‌గూడలో బిక్షమయ్య తన చేతులతో కట్టుకున్న రెండు గదుల ఇల్లు. అందరూ అప్పుడే అన్నాలు తిని లేచారు. చిన్నమ్మ కిష్టమ్మ గిన్నెలు సర్దుతోంది. కొడుకు యోగేందర్ మంచం మీద ఫోన్ చూసుకుంటున్నాడు. కోడలు ప్రసన్న బట్టలు మడతపెడుతోంది. బిక్షమయ్య నేల మీద కూర్చుని, ఒళ్లో మూడేళ్ల మనవరాలిని పెట్టుకుని బత్తాయి తొనల గింజలు తీసి తినిపిస్తున్నాడు.

"ఒచ్చినవా బిడ్డా! మొగం గట్ల పీక్కపోయింది ఏంది? తిన్నవా?" అన్నాడు.

యాదలక్ష్మి చెప్పులు విప్పలేదు. కాగితం తీసి చదివింది. నాలుగు వాక్యాలు. తన చిన్నతనంలో చిన్నాయన తనను పాడుచేశాడని, ఆ మాట బయటికి రాకుండా నోరు మూశాడని, ఇన్నాళ్లకు తనకు గుర్తొచ్చిందని, ఇక ఆయన మొహం చూడనని. గట్టిగా చదివింది. చాలా నెలల తర్వాత ఆమె గొంతు అంత గట్టిగా పలకడం అదే.

బిక్షమయ్య చేతిలో బత్తాయి తొన అలాగే ఉంది. "నేనా బిడ్డా?" అన్నాడు. అంతే.

అప్పుడు ప్రసన్న లేచింది. మామ ముఖం వైపు చూడకుండా, వంగి, ఆయన ఒళ్లో నుంచి పాపను తీసుకుంది. పాప బత్తాయి కావాలని ఏడ్చింది. ప్రసన్న దాన్ని లోపలి గదిలోకి తీసుకెళ్లి తలుపు వేసుకుంది.

యాదలక్ష్మి వెనక్కి తిరిగి వచ్చేసింది. వీధి చివరి దాకా కిష్టమ్మ కేక వినిపిస్తూనే ఉంది. "యాదమ్మా, ఆగే! ఏమన్నవే? ఎప్పుడే?" ఆమె ఆగలేదు. ఆగొద్దని చెప్పి పంపారు కదా.

రెండు రోజులు తేలిగ్గా అనిపించింది. మూడో రోజు నుంచి గొంతు అసలే లేవలేదు.

అల్మాస్‌గూడలో గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు. వారంలో వీధికంతా తెలిసింది. నిప్పు లేందే పొగ రాదన్నారు. కంచే చేను మేసిందన్నారు. యోగేందర్ భార్యాబిడ్డలను తీసుకుని ఎల్బీనగర్‌లో అద్దె ఇంటికి మారాడు. వెళ్లేటప్పుడు తండ్రికి చెప్పలేదు. బిక్షమయ్యను పనికి పిలిచేవాళ్లు తగ్గిపోయారు. ఆడపిల్లలున్న ఇళ్లలో గోడ కట్టడానికి ఆయన ఎందుకని. ఒకనాడు ఆయనే సంచీలో రెండు లుంగీలు సర్దుకుని, బాటసింగారంలో ఒక ఖాళీ ప్లాటుకు కాపలా మనిషిగా కుదిరి వెళ్లిపోయాడు. కిష్టమ్మ ఒక్కతే ఆ ఇంట్లో మిగిలింది.

సైదులుకు సంగతంతా అప్పుడే తెలిసింది. ఆయన పెళ్లాన్ని ఒక్క మాట అనలేదు. కొన్నాళ్లు ఆటోలోనే పడుకున్నాడు. ఒక పొద్దున యాదలక్ష్మి స్నానాల గదిలో స్పృహ తప్పి పడిపోతే ఎత్తుకుని ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకెళ్లాడు. రక్తం లేదని నాలుగు రోజులు ఉంచుకున్నారు. అక్కడి నుంచి మానసిక వైద్యుల ఓపీకి పంపారు.

అక్కడి డాక్టరమ్మ గది ముందు బెంచీలు నిండి ఉన్నాయి. ఆమెకు గంటసేపు వినే తీరిక లేదు. కానీ విన్నంతసేపు యాదలక్ష్మి ముఖంలోకే చూస్తూ విన్నది.

"నువ్వు ఆ సెంటర్‌కు పోకముందు నీకు ఈ సంగతి గుర్తున్నదా?"

"లేదు మేడం."

"మీ చిన్నాయనంటే భయముండెనా? దూరం దూరంగా ఉంటుంటివా?"

"లేదు. మా నాయినకంటే ఎక్కువ."

"ఒక చెయ్యి కనపడ్డది అన్నవు. ఆ చెయ్యికి ఈ అర్థం పెట్టింది ఎవరు? ఆ మాట ముందు ఎవరన్నరు, నువ్వా ఆమెనా?"

బయట నర్సు తర్వాతి పేరు పిలిచి, లోపలికి తొంగిచూసి, మళ్లీ తలుపు వేసింది.

"నేను కాదు," అంది యాదలక్ష్మి చివరికి.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "చూడు యాదలక్ష్మీ. జరగలేదని నేను చెప్తలేను. నేనూ చూడలే, ఆమె కూడా చూడలే. నిజంగా జరిగినోళ్లు వారానికి ఎంతమంది ఈ కుర్చీల కూర్చుంటరో నాకు తెలుసు. అందుకే ఆ మాట వాళ్ల నోటినుంచి రావాలె గాని మా నోటినుంచి రావద్దు. వాళ్లకు రాకపోతే మేం ఆగాలె." పెన్ను మళ్లీ తీసుకుంటూ అంది. "బస్సులకెల్లి ఒక మనిషి పడి చనిపోయింది. రైట్ అన్నది నువ్వు. నీ గొంతు పట్టుకోనీకి అంతకంటే పాత కారణం ఎందుకమ్మా?"

ఎవరూ ఆమెతో ఇంత మామూలు మాట అనలేదు. అన్నది ఒక్కరే, గడప దగ్గర కూర్చుని. ఆయనను ఆమె ఊళ్లో తలెత్తుకోకుండా చేసింది. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తారు. దెబ్బ ఇంకెవరి మీదో పడింది.

ఆస్పత్రి నుంచి వచ్చిన వారానికి ఆమె అల్మాస్‌గూడ వెళ్లింది. కిష్టమ్మ తలుపు తీసింది, కానీ లోపలికి రమ్మనలేదు. గుమ్మంలోనే యాదలక్ష్మి చెప్పింది. చెయ్యి, సిమెంటు వాసన, కదలని కాళ్లు, నోట్లో చేదు.

కిష్టమ్మ ముఖం మారిపోయింది. గుమ్మంలోనే కూలబడింది.

"చేదా? ఇదానే నువ్వు చెప్పింది? ఇదానే ఇంత చేసింది?" గుండె మీద కొట్టుకుంది. "నీకు ఏడేండ్లప్పుడు కామెర్లైనయ్ గదనే! కండ్లు పసుపు పచ్చగై, ఇయ్యాల పోతవో రేపు పోతవో అన్నట్టుంటివి. గప్పుడు మనం ఇంకా ఊళ్లెనే ఉంటిమి. మీ అమ్మ నాట్లకు పోయింది. మీ చిన్నాయన తాపీ పని ఇడిసిపెట్టి, పొద్దుగాల లేచి ఆకు తెచ్చిండు. నేనే నూరిన. మూడు పొద్దులు తాగాలె. చేదని రెండుసార్లు ఊంచేసినవ్. మూడోసారి నిన్ను గోడకు ఆనిచ్చి కూసోబెట్టి, ఊంచకుంట నోరు మూసిండు. కాళ్లు పట్టుకున్నది నేను! నేను పట్టుకున్న నీ కాళ్లు! ఆ దినమే ఇది చెప్తే, గప్పుడే నీకు అసలు ముచ్చట చెప్తుంటి గదనే. ఆగమంటే ఆగకపోతివి."

యాదలక్ష్మికి ఏడుపు రాలేదు. ఏడుపుకు అందనంత పెద్దది కాబట్టేమో.

మర్నాడు దిల్‌సుఖ్‌నగర్ వెళ్లింది. అదే పసుపు దీపం. కిష్టమ్మ చెప్పినదంతా యాదలక్ష్మి చెప్పింది. కృష్ణకుమారి వింటున్నప్పుడు ఒక్క క్షణం ఆవిడ చేతిలో గ్లాసు కదిలింది. ఆ ఒక్క క్షణమే. గ్లాసు బల్ల మీద పెట్టాక గొంతు మళ్లీ ఎప్పటిలా నిదానంగా ఉంది.

"ఇంట్లో ఆడవాళ్లు మగవాళ్లను కాపాడుకోవడానికి ఇలాంటి కథలు చెప్పడం మేం చాలా చూశామమ్మా."

"కాళ్లు పట్టుకున్నది తనేనంట మేడం."

"అయ్యుండొచ్చు. ఆయన పేరు నేను చెప్పలేదు, గుర్తు తెచ్చుకోండి. నేను ప్రశ్నలు అడిగాను. జవాబులు మీలోంచి వచ్చినవే. మొదటి రోజు సంతకం చేసిన ఫారంలో కూడా అదే ఉంది, ఈ ప్రయాణంలో కష్టమైన అనుభవాలు ఎదురుకావచ్చని."

"మా చిన్నాయన ఇల్లిడిసిపెట్టి పోయిండు. మా బిడ్డ నాతోటి మాట్లాడుతలేదు. ఎవరిని అడగాలె నేను?"

"మీకు నా మీద కోపం వస్తోంది. మంచిదే. ఇన్నాళ్లూ ఎవరి మీదా కోపం చూపలేని మీరు ఇవాళ నా మీద చూపగలుగుతున్నారు. ఇది కూడా బాగుపడటంలో భాగమే. ఆ కోపాన్ని వచ్చే సెషన్‌లో చూద్దాం."

ఆమె అబద్ధమాడుతున్నట్టు లేదు. నమ్మే మాట్లాడుతోంది. అదే యాదలక్ష్మిని భయపెట్టింది. తిట్టడానికి కూడా అక్కడ చోటు లేదు. తిట్టు కూడా ఆ గదిలో వైద్యంగా మారిపోతుంది. లేచి వచ్చేసింది. బయటి కుర్చీలో కాలేజీ పిల్ల ఒకతి తన వంతు కోసం కూర్చుని ఉంది. ఆ పిల్లకేదైనా చెప్పాలనిపించింది. ఏం చెప్పాలో తెలియలేదు. మొదట్లో తనకూ ఇక్కడ మేలే జరిగింది.

చేసింది సరిదిద్దాలని యోగేందర్ ఇంటికి వెళ్లింది. అతను డ్యూటీలో ఉన్నాడు. ప్రసన్న మంచినీళ్లిచ్చి, ఎదురుగా నిలబడి అంతా విన్నది. విన్నాక నెమ్మదిగా అంది.

"వదినా, అప్పుడు ఒచ్చి ఒకటి చెప్పినవ్. ఇప్పుడొచ్చి ఇంకొకటి చెప్తున్నవ్. రెండుసార్లూ నీ మొగం ఇట్లనే ఉన్నది. ఏది నిజమో నాకెట్ల తెలవాలె?"

"ఇది నిజం ప్రసన్నా. చిన్నమ్మనడుగు."

"అత్తమ్మ ఆయన భార్య. ఆమె ఏం చెప్తది? నాకు ఆడపిల్ల ఉన్నది వదినా. నేను జర గింత కూడా తప్పు చేయనీకి లేదు. మామ మంచోడే కావచ్చు. కానీ ఇగ పిల్లనైతే ఆయన చేతికియ్య."

యాదలక్ష్మి గ్లాసు కింద పెట్టి లేచింది. ప్రసన్న స్థానంలో తానున్నా అదే చేసేది. అన్న మాట మళ్లీ నోట్లోకి పోదు.

మూడో రోజు బాటసింగారం వెళ్లింది. పండ్ల మార్కెట్ ముందు లారీలు బారులు తీరి ఉన్నాయి. బత్తాయి కుప్పల వాసన, హమాలీల కేకలు. మార్కెట్ దాటి కొంత దూరం నడిస్తే చుట్టూ కంచెకు సిమెంటు కడీలు పాతిన ఖాళీ ప్లాటు, దాని మూలకు రేకుల షెడ్డు. బిక్షమయ్య బయట రాయి మీద కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగింది. ఆమెను చూసి లేచాడు, కానీ ముందుకు రాలేదు.

"కాళ్లు మొక్కుత చిన్నాయనా," అంటూ వంగబోయింది.

ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. "ఒద్దు బిడ్డా. దూరంకెల్లే మాట్లాడు. ఎవలన్న చూస్తరు."

ఆమె అన్నీ చెప్పింది. కామెర్లు, ఆకు పసరు, డాక్టరమ్మ, ప్రసన్న. ఆయన తల ఊపుతూ విన్నాడు. కామెర్ల సంగతి ఆయనకు కొత్త కాదు. కిష్టమ్మ ఫోన్‌లో చెప్పే ఉంటుంది. అంతా అయ్యాక ఒక్కటే అడిగాడు.

"ఆ చదువుకున్నామె అన్నది, సరే. నువ్వు నమ్మినవా బిడ్డా? నీ మనసుల నిజంగనే నమ్మినవా?"

లేదని చెప్పాలని ఆమె నోరు తెరిచింది. కానీ నమ్మింది. నమ్మింది కాబట్టే కాగితం చదివింది. అంతకన్నా ఘోరం, ఇంకా పూర్తిగా పోలేదు. నిజం ఏమిటో చిన్నమ్మ నోట విన్నాక కూడా, ఇందాక ఆయన రాయి మీద నుంచి చటుక్కున లేచినప్పుడు, ఆమె ఒళ్లు దానంతటదే ముడుచుకుంది. నోట్‌బుక్‌లో తాను రాసుకున్న ముఖం ఒక్క లిప్తపాటు కనిపించింది. అది ఆయన చూశాడు. చూసే రెండడుగులు వెనక్కి వేశాడని ఆమెకు ఇప్పుడర్థమైంది.

"చెప్పకు తియ్యి," అన్నాడు బిక్షమయ్య. "నాకెరుకే."

"ఇంటికి పోదాం పా చిన్నాయనా."

"ఏ ఇంటికి?"

మార్కెట్ వైపు నుంచి బత్తాయిలు ఏరే కూలీ ఆడవాళ్లు సద్దులు పట్టుకుని ప్లాటు అంచున నీడకు వచ్చి కూర్చున్నారు. వాళ్ల వెంట వచ్చిన నాలుగేళ్ల ఆడపిల్ల ఒకతి పరుగెత్తుతూ కడీకి కాలు తగిలి బోర్లా పడింది. మోకాలు చెక్కుకుపోయి గుక్కపట్టి ఏడుస్తోంది. బిక్షమయ్య గబగబా నాలుగడుగులు వేశాడు. పిల్ల పక్కకు చేరాడు. వంగబోయి ఆగిపోయాడు. రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకున్నాడు.

"ఓ అమ్మా!" అని కూలీల వైపు తిరిగి కేకేశాడు. "మీ పిల్ల పడ్డది! ఎవలన్న ఒచ్చి లేపుకపోండ్రి!"

వాళ్లు మాటల్లో ఉండి వినలేదు. పిల్ల ఆయన కాళ్ల దగ్గరే మట్టిలో కూర్చుని, ఎత్తుకోమని రెండు చేతులూ చాపి ఏడుస్తోంది. ఆయన చేతులు వెనక కట్టుకునే నిలబడి, మళ్లీ కేక వేశాడు.